సన్నాయి విద్వాంసుడి గడ్డం కింద కొవ్వు

రేపల్లెలో భావనారాయణ అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు, పెళ్ళిపందిట్లో కూర్చుని రాగం ఎత్తుకుంటే రాజులా కనిపించే ఆ మనిషి, "మీరేం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే మాత్రం దొంగలా చూపు తిప్పుకునేవాడు.

అతని వాద్యంలో లోటేమీ లేదు. అతను కల్యాణి అందుకుంటే వంటవాళ్ళు గరిటె పట్టుకునే వచ్చి తలుపు దగ్గర నిలబడేవారు. అప్పగింతల వేళ అతను వాయిస్తే ఆడపెళ్ళివారే కాదు, మగపెళ్ళివారు కూడా కళ్ళు తుడుచుకునేవారు. కానీ పిలిచేటప్పుడు "విద్వాంసులు గారూ" అన్న నోళ్ళే భోజనాల దగ్గర "ఆ సన్నాయి వాళ్ళని చివరి బంతిలో కూర్చోబెట్టండి" అనేవి. ఆ మాట భావనారాయణ మనసులో ముల్లులా దిగిపోయింది. అన్నవాళ్ళది తప్పే. కానీ వాళ్ళ తప్పుకు తాను సిగ్గుపడటం మొదలుపెట్టాడు. అది అతని తప్పు.

అతను బస్సెక్కితే సన్నాయిని గొడుగులు పెట్టుకునే పొడుగాటి సంచిలో దాచేవాడు. అతనితో డోలు వాయించే ఏడుకొండలుకు ఆ బాధ లేదు. డోలు దాచడం ఎవరి తరం? అందుకని ఏడుకొండలు డోలును ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటే, భావనారాయణ తెలియనివాడిలా వెనక సీట్లో కూర్చునేవాడు.

"ఏంది బావా, నేనేమన్నా అంటురోగం వచ్చినోణ్ణా?" అని ఏడుకొండలు దిగేటప్పుడు నవ్వేవాడు. వరసకు బావలే అయినా ఇద్దరూ అన్నదమ్ముల్లా పెరిగారు.

"అక్కడ గాలి బాగా వస్తుంది బావా" అనేవాడు భావనారాయణ.

నడివయసు వచ్చేసరికి భావనారాయణకు గడ్డం కింద కొవ్వు చేరింది. సన్నాయి ఊదేటప్పుడు అది చిన్న సంచిలా ఉబ్బి వణికేది. ఒకసారి రైల్లో ఎదురు సీటాయన అతన్ని ఎగాదిగా చూసి, "మీరు సన్నాయి వాయిస్తారా? మా ఊళ్ళో సన్నాయి ఆయనకీ అచ్చం ఇలాగే గడ్డం కింద వేలాడుతుంటుంది" అన్నాడు. పెట్టెలో ఉన్నవాళ్ళందరూ అటు తిరిగి చూశారు. భావనారాయణ మొహం కందగడ్డ అయింది. దిగాల్సిన స్టేషను ఇంకా రాకుండానే లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి అతనికి ఆ కొవ్వు కొవ్వులా కనిపించలేదు. తన వృత్తిని మెడలో పలక కట్టి ఊరేగిస్తున్నట్టు అనిపించింది. అద్దం ముందు నిలబడి గడ్డం పైకెత్తి చూసుకునేవాడు, వేళ్ళతో వెనక్కి లాగి చూసుకునేవాడు. సూది మందుతో ఆ కొవ్వును కరిగిస్తారని, కోత ఉండదని, గుంటూరులో ఒక చర్మవైద్యురాలు ఆ పని చేస్తుందని ఎవరో చెప్పారు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు గనక, ఆ నెల మొదట్లోనే భావనారాయణ గుంటూరు బస్సెక్కాడు.

ఆసుపత్రిలో చాలామంది కూర్చుని ఉన్నారు. పక్క కుర్చీలో ఉన్న ఒకావిడ అతన్ని చూసి, చూసి, చివరికి అడిగేసింది.

"అన్నయ్యగారూ, మీరు సన్నాయి వాయిస్తారు కదూ? మా చెల్లెలి పెళ్ళిలో వాయించింది మీరే. అప్పగింతలప్పుడు మీ పాట విని, ఏనాడూ ఏడవని మా నాన్న ఏడ్చాడండీ."

చుట్టుపక్కల తలలు ఇటు తిరిగాయి. భావనారాయణ గొంతు సవరించుకున్నాడు.

"నేను కాదమ్మా. నాది బట్టల వ్యాపారం."

"అయ్యో, అచ్చం మీలాగే ఉంటాడండీ ఆయన" అంది ఆవిడ. మళ్ళీ ఒకసారి తేరిపార చూసి, "కాకపోతే ఆయన మీకంటే దర్జాగా ఉంటాడు లెండి" అంది.

భావనారాయణ గోడ మీది బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు మృణాళిని నెమ్మదస్తురాలు. గడ్డం కింద వేలితో నొక్కి చూసింది. "ఇది ఉత్త కొవ్వే. మీ పెద్దవాళ్ళకూ ఉండి ఉంటుంది. కరిగించొచ్చు. కానీ ఒక్కసారితో అయ్యేది కాదు, నెలకోసారి చొప్పున కొన్ని సార్లు రావాలి. సూది వేసిన ప్రతిసారీ వాపు వస్తుంది, మంట, తిమ్మిరి ఉంటాయి" అని చెప్పింది. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. మింగడానికి ఇబ్బంది ఉందా? మెడకు ఇదివరకు ఆపరేషను ఏమైనా అయిందా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? అన్నిటికీ భావనారాయణ లేదన్నాడు.

"మీరేం చేస్తుంటారు?"

"అది కూడా కావాలా డాక్టరు గారూ?"

"కావాలి" అంది ఆవిడ. "దవడ అంచున ఒక సన్నటి నరం ఉంటుంది. కింది పెదవిని ఆడించేది అదే. ఈ మందు దాని దాకా పాకితే పెదవి ఒకవైపు పనిచెయ్యదు. చాలామందికి రాదు, కొందరికి వస్తుంది. వచ్చినా కొన్నాళ్ళకు తగ్గుతుంది. ఆఫీసులో కూర్చునేవాళ్ళకు అదేమంత పెద్ద ఇబ్బంది కాదు. పాడేవాళ్ళు, పిల్లనగ్రోవి లాంటివి ఊదేవాళ్ళు అయితే మాత్రం నేను సూది ముట్టుకోను. అందుకని అడుగుతున్నా."

నిజం భావనారాయణ నాలుక చివరికి వచ్చింది. అంతలో అతని చూపు తలుపు మీద పడింది. తలుపు సగం తెరిచి ఉంది. ఇందాకటి ఆవిడ గుమ్మం పక్కనే కూర్చుని ఉంది. ఇప్పుడు నిజం చెబితే ఇందాక చెప్పింది అబద్ధమని ఆవిడకు తెలిసిపోతుంది. ఆ ముక్కూ మొహం తెలియని మనిషి ముందు పలచనైపోతానని అతను భయపడ్డాడు.

"బట్టల వ్యాపారమండీ" అన్నాడు గట్టిగా, గుమ్మం దాకా వినపడేలా.

డాక్టరమ్మ అడిగింది అతని పెదవి గురించి. అతను జవాబు చెప్పింది తన పరువు గురించి. ఇంత చిన్న పొరపాటుకే మనుషులు పెద్ద గోతుల్లో పడతారు.

గడ్డం కింద ముగ్గు పెట్టినట్టు చుక్కలు పెట్టి, చుక్కకొక పోటు చొప్పున సన్నటి సూదితో మందు ఎక్కించారు. కారం పూసినట్టు మండింది. ఇంటికి వచ్చేసరికి గడ్డం కింద బూరెలా ఉబ్బింది. భార్య సుభాషిణి చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"కందిరీగ కుట్టింది" అన్నాడు భావనారాయణ.

"ఎక్కడ? గుంటూరులోనా? చుక్కలు పెట్టి మరీ కుట్టిందా?" అంది ఆవిడ.

ఇక దాచలేక చెప్పేశాడు. సుభాషిణి అతని గడ్డం పైకెత్తి వాపు చూసింది. తర్వాత, "మీ గడ్డం మీ ఇష్టం. నేనెప్పుడూ దానికి వంక పెట్టలేదు. మీరు సన్నాయి ఊదుతారని మాత్రం డాక్టరుకు చెప్పారు కదా?" అని అడిగింది.

"చెప్పాను" అన్నాడు భావనారాయణ. అబద్ధం ఒకసారి నోరు దాటితే రెండోసారి దానికి దారి చూపించనక్కర్లేదు.

కొన్నాళ్ళకు వాపు తగ్గింది. గడ్డం కింద నిజంగానే కొంచెం లోపలికి పోయినట్టు కనిపించింది. సన్నాయికీ ఏ ఇబ్బందీ రాలేదు. భావనారాయణ పొంగిపోయాడు. "చూశావా, అన్నీ బెదిరింపులే" అని భార్యతో అన్నాడు. నెల తిరగగానే మళ్ళీ గుంటూరు వెళ్ళి రెండోసారి సూది వేయించుకున్నాడు. శ్రావణమాసం వచ్చేసింది. మొదటి ముహూర్తంలోనే ఏడుకొండలు కూతురు జాహ్నవి పెళ్ళి. ఆ పెళ్ళి వీడియోలో తన గడ్డం నున్నగా కనిపించాలని అతని కోరిక.

వాపు తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున భావనారాయణ పళ్ళు తోముకుని నోట్లో నీళ్ళు పోసుకున్నాడు. నీళ్ళు ఎడమ మూల నుంచి చొక్కా మీదికి కారిపోయాయి. అద్దం ముందుకు పరుగెత్తి పళ్ళు ఇకిలించి చూసుకున్నాడు. కింది పెదవి కుడివైపు దిగింది, ఎడమవైపు కదల్లేదు. గబగబా గది తలుపు వేసుకుని సన్నాయి తీశాడు. రెల్లు పీకను పెదవుల మధ్య బిగించి ఊదాడు. గాలి పీకలోకి పోవాల్సింది పోయి పెదవి మూల నుంచి బుస్సుమని బయటికి వచ్చింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ అంతే.

డాక్టరుకు ఫోను చేశాడు.

"నేను చెప్పిన నరం సంగతే ఇది" అంది మృణాళిని. "కంగారు పడకండి, తగ్గుతుంది. కాకపోతే వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. దుకాణంలో కూర్చోవడానికి మీకేమీ అడ్డం ఉండదు కదా?"

"ఉండదండీ" అన్నాడు భావనారాయణ. అప్పుడైనా చెప్పలేకపోయాడు.

ఆ సాయంత్రమే ఏడుకొండలు వచ్చాడు. పెళ్ళి పనులతో తిరిగి తిరిగి మనిషి నల్లబడ్డాడు గానీ మొహం వెలిగిపోతోంది.

"బావా, ఆ పూట నేను పీటల మీద ఉంటాను కదా, డోలు ముట్టుకోను. డోలుకు పానకాలును పిలిచాను. సన్నాయికి నీకు జతగా ఇంకొకణ్ణి కూడా చెప్పమంటావా? రెండు సన్నాయిలైతే నిండుగా ఉంటుంది."

ఆ క్షణంలో "పిలువు బావా" అన్న ఒక్క మాట చాలు. పెళ్ళి నిలబడేది, భావనారాయణ మాటా దక్కేది. కానీ ఇంకొకడు వస్తే ఎందుకొచ్చాడని అడుగుతారు. అడిగితే పెదవి సంగతి చెప్పాలి. పెదవి సంగతి చెబితే గడ్డం సంగతి చెప్పాలి. కొవ్వు ఎందుకు కరిగించుకున్నావంటే ఏం చెప్పాలి? నీ పక్కన కూర్చుని వాయించడం నాకు సిగ్గని చెప్పాలి.

"నేనుండగా ఇంకొకడెందుకు?" అన్నాడు.

ఏడుకొండలు అతని మొహంలోకి చూశాడు. "ఏంది బావా, నోరు అదోలా ఉంది? మాట ఒకపక్కకు పోతోంది."

"పన్ను నొప్పి."

"పీకించుకో మరి! పెళ్ళినాటికి నువ్వు నిక్షేపంగా ఉండాలి. పెళ్ళికొడుకు నాయనమ్మకు శకునాల పట్టింపు మహా ఎక్కువ. పిల్లను చూసుకోవడానికి మా వీధి మొగ దాకా వచ్చి, పిల్లి అడ్డం వచ్చిందని కారు తిప్పుకుని పోయిన మనిషి. మళ్ళీ రప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది." ఏడుకొండలు గొంతు తగ్గింది. "ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ మనమే వాయించాం. నా బిడ్డ మెడలో తాళి పడేటప్పుడు నీ సన్నాయి మోగాలి బావా. నాకు ఇంకేం కోరిక లేదు."

"మోగుతుంది" అన్నాడు భావనారాయణ.

పెళ్ళి పగటి ముహూర్తం. కల్యాణమండపం కిటకిటలాడుతోంది. భావనారాయణ పట్టు లాల్చీ వేసుకుని మేళం వేదిక మీద కూర్చున్నాడు. పక్కన పానకాలు డోలు బిగించుకున్నాడు. ఎడమచేతి బొటనవేలితో పెదవి మూలను అదిమిపట్టుకుని, కింది స్థాయిలో చిన్న చిన్న సంగతులతో భావనారాయణ ఎలాగో నెట్టుకొచ్చాడు. ఆ చెయ్యి అక్కడ ఉంటే దాని వేళ్ళు స్వరరంధ్రాల మీద ఉండవు. అందుకని రాగం కుంటుతూ నడిచింది. పానకాలు అనుమానంగా చూశాడు గానీ, పెద్దవాడని ఊరుకున్నాడు. జీలకర్ర బెల్లం పెట్టే వేళ గట్టిమేళం మోగింది. గొంతు బొంగురుపోయినట్టు మోగింది గానీ, మోగింది. భావనారాయణ గండం గడిచిందనుకున్నాడు.

తెలుగు పెళ్ళిలో గట్టిమేళం ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. తాళి కట్టే క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి చెడ్డ మాటా వధూవరుల చెవిన పడకూడదు. మేళం వాటన్నిటినీ కప్పెయ్యాలి. ఆ క్షణంలో సన్నాయివాడు పందిరికి కాపలాదారు.

తాళి అందరి చేతా తాకించి తెచ్చారు. వరుడు లేచి నిలబడి వధువు మెడ దగ్గరికి చేతులు తెచ్చాడు. శాస్త్రిగారు చెయ్యి పైకెత్తి వేలు ఊపుతూ కేక వేశారు.

"గట్టిమేళం! గట్టిమేళం!"

పానకాలు డోలు అదరగొట్టాడు. భావనారాయణ బొటనవేలు తీసి, రెండు చేతులతో సన్నాయి ఎత్తి, పై స్థాయికి ఊదాడు. అప్పటికే అలిసిపోయిన పెదవి ఒక్కసారిగా జారిపోయింది. సన్నాయి కీచుమని అరిచి, బుస్సుమని చల్లారింది. ఏమైందోనని పానకాలు పక్కకు చూశాడు. చూసిన ఆ రెప్పపాటులో అతని చెయ్యి ఆగింది. పందిరంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన పెద్దగా తుమ్మాడు.

వరుడి చేతులు గాల్లోనే నిలిచిపోయాయి. అతని నాయనమ్మ సౌభాగ్యమ్మ కర్ర ఊతంగా లేచి నిలబడింది.

"ఆగరా అబ్బాయీ! కట్టకు!"

"అమ్మా, ముహూర్తం..." అన్నారు శాస్త్రిగారు.

"ముహూర్తమా? మేళం దానంతటది చచ్చిపోయింది. పైన తుమ్ము. ఇంకేం చూడాలి మనం? ఈ పిల్ల అడుగు మన ఇంటికి కలిసిరాదు."

"నాకు పొద్దుటి నుంచీ జలుబేనమ్మా" అన్నాడు ముసలాయన బిక్కమొహంతో.

"జలుబు నీది, శకునం మాది. నువ్వు నోరు ముయ్యి" అంది సౌభాగ్యమ్మ.

పందిట్లో గుసగుసలు లేచాయి. ఎవరో "పిల్ల జాతకంలోనే ఏదో ఉండి ఉంటుంది" అన్నారు. జాహ్నవి తల ఇంకా కిందికి వంగిపోయింది. ఆమె భుజాలు కదలడం భావనారాయణకు కనిపిస్తోంది. పీటల దగ్గర ఏడుకొండలు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఎవరికి దండం పెడుతున్నాడో అతనికే తెలియదు.

ఇప్పుడు భావనారాయణ మెదలకుండా కూర్చుంటే చాలు, అతని రహస్యం రహస్యంగానే ఉంటుంది. పన్ను నొప్పని సరిపెట్టుకోవచ్చు. తప్పంతా ఆ పిల్ల నెత్తి మీద పడి, జీవితాంతం అక్కడే ఉంటుంది. అతను ఒక్క క్షణం ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మేళం దానంతటది చావలేదు. నేను చంపాను" అన్నాడు.

అందరూ అటు తిరిగారు.

"నేను సన్నాయి వాణ్ణి. మా తాత సన్నాయి వాడు, మా నాన్న సన్నాయి వాడు. ఆ మాట పదిమందిలో చెప్పుకోవడానికి నాకు సిగ్గు. నా గడ్డం చూసి జనం నన్ను సన్నాయి వాణ్ణని పోల్చుకుంటున్నారని, గడ్డం కింద కొవ్వు కరగడానికి సూదులు వేయించుకున్నాను. ఊదేవాళ్ళకు చెయ్యనని డాక్టరమ్మ ముందే చెప్పింది. బట్టల వ్యాపారినని అబద్ధం చెప్పాను. పెదవి పడిపోయింది. పడిపోయిందని తెలిసీ, మా బావకు చెప్పకుండా ఇక్కడికొచ్చి కూర్చున్నాను. ఇదిగో, చూడండి."

అతను అందరి ముందూ పళ్ళు ఇకిలించాడు. కింది పెదవి ఒకపక్కకే దిగి, మొహం వికారంగా వంకర తిరిగింది. పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దవాళ్ళూ కొందరు నవ్వారు. భావనారాయణ ఆ నవ్వులు ఆగేదాకా అలాగే నిలబడ్డాడు. మొహం తిప్పుకోలేదు.

"పెదవి నాది, అబద్ధం నాది. ఇందులో ఆ బిడ్డకు అంటేదేమీ లేదు" అని ముగించాడు.

సౌభాగ్యమ్మ అతన్ని నఖశిఖ పర్యంతం చూసింది. "ఈ వయసులో నీకు గడ్డం సోకా?" అంది.

"అవునమ్మా."

"సిగ్గు లేదూ?"

"ఉండకూడని చోట ఉందమ్మా. అదే నా రోగం."

ఆ జవాబుకు ముసలావిడ మొహంలో బిగువు సడలింది. శకునాలు నమ్మే మనిషే గానీ, ఎదుటివాడు తనంత తాను తప్పు ఒప్పుకుంటే గుర్తుపట్టలేనంత మూఢురాలు కాదు. "మేళగాడి తప్పైతే మేళగాడికే తగులుతుంది. పిల్లదేముంది? కట్టరా అబ్బాయీ" అంది. మళ్ళీ అంతలోనే, "మేళం లేకుండా ఎట్లా కడతాడు? ఎవరు వాయిస్తారు?" అని అడిగింది.

ఒంటి డోలుతో తన వల్ల కాదన్నట్టు పానకాలు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఏడుకొండలు పీటల దగ్గర నుంచి కదిలాడు. కూతురిని ధారపోసిన నీళ్ళ తడి ఇంకా చేతుల మీద ఆరలేదు. వేదిక ఎక్కి పానకాలు మెడలోంచి డోలు తీసుకున్నాడు. భావనారాయణ వైపు చూడను కూడా చూడలేదు. ఒంటి డోలుతో గట్టిమేళం అందుకున్నాడు. సన్నాయి లేని లోటు ఎవరికీ తెలియనంతగా వాయించాడు. మండపం రేకులు అదిరాయి. ఆ మోతలో ముసలాయన మళ్ళీ తుమ్మాడు గానీ, ఈసారి ఆయన నోరు తెరవడం కనిపించిందే తప్ప చప్పుడు వినపడలేదు. జాహ్నవి మెడలో మూడు ముళ్ళూ పడ్డాయి. అక్షింతలు కురిశాయి.

పెళ్ళివారు భోజనాలకు లేచాక భావనారాయణ ఏడుకొండలు దగ్గరికి వెళ్ళాడు.

"బావా..."

"మాట్లాడకు" అన్నాడు ఏడుకొండలు. "నీ పెదవి పోయిందని చెప్పుంటే తెల్లారేసరికి ఇంకొకణ్ణి తెచ్చుకునేవాణ్ణి. నీ పక్కన కూర్చుని నీకు విసనకర్ర విసిరేవాణ్ణి. పెదవి లేకపోతే నేను మోస్తాను బావా. అబద్ధాన్ని మోసే ఓపిక నాకు లేదు. ఇన్నేళ్ళూ బస్సులో వెనక సీట్లో ఎందుకు కూర్చున్నావో ఇవాళ తెలిసింది నాకు. గాలి కోసం అనుకున్నాను."

అతను కళ్ళు తుడుచుకుని వియ్యాలవారి దగ్గరికి వెళ్ళిపోయాడు. శ్రావణమాసం ముహూర్తాలన్నిటికీ వేరే సన్నాయితో వెళ్ళాడు. భావనారాయణ ఇంట్లో కూర్చుని, వీధిలో పోతున్న మేళాలు విన్నాడు.

సుభాషిణి అతన్ని ఓదార్చలేదు. "ముందు డాక్టరుకు నిజం చెప్పి రండి" అంది. అతను వెళ్ళాడు. అంతా విన్నాక మృణాళిని కలం కింద పెట్టింది.

"ఊదేవాళ్ళకు నేను చెయ్యనని చెప్పింది మీకు వినపడిందా, లేదా?"

"వినపడింది."

"విని కూడా చెప్పలేదా?"

"మీరు నన్ను తక్కువగా చూస్తారనుకున్నానమ్మా."

"నేను మీ దవడను చూస్తున్నానండీ, మీ హోదాను కాదు" అంది ఆవిడ కోపంగా. "అబద్ధం వింటే నా వైద్యం కూడా అబద్ధమే అవుతుంది. నరం తేరుకుంటుంది, తేరుకునేదాకా సన్నాయి ముట్టుకోకండి. మూడోసారి సూది మాత్రం నా చేత్తో వెయ్యను."

"వేస్తానన్నా నేను వేయించుకోను" అన్నాడు భావనారాయణ. అతని గడ్డం సగం కరిగి, అక్కడే ఆగిపోయింది.

పెదవి మెల్లగా తేరుకుంది. ముందు నీళ్ళు నోట్లో నిలిచాయి. తర్వాత మాట తిన్నగా వచ్చింది. కార్తీకం వెళ్ళాక ఒక ఉదయం పీక పెదవుల మధ్య బిగిసింది, గాలి కొంచెమైనా పక్కకు పోలేదు. అప్పుడు భావనారాయణ నడుచుకుంటూ ఏడుకొండలు ఇంటికి వెళ్ళాడు. వీధి మొగ నుంచి గుమ్మం దాకా ఎదురైన ప్రతివాడూ "ఎక్కడికి?" అని అడిగాడు. "మా డోలు విద్వాంసుణ్ణి అడగడానికి వెళ్తున్నా, మళ్ళీ నన్ను పక్కన కూర్చోనిస్తాడేమోనని" అని ప్రతివాడికీ చెప్పాడు.

ఏడుకొండలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. "వాయించు, వింటాను" అన్నాడు.

భావనారాయణ వీధిలోనే నిలబడి వాయించాడు. ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చారు. చాలాసేపు ఏడుకొండలు కదలకుండా విన్నాడు. చివరికి లోపలికి వెళ్ళి డోలు తెచ్చుకుని అతని పక్కన నిలబడ్డాడు. స్నేహం తిరిగి వచ్చింది. పోయిన పెళ్ళిళ్ళ కాలం మాత్రం రాలేదు, జాహ్నవి పెళ్ళి వీడియోలో ఆ నిశ్శబ్దమూ చెరిగిపోలేదు. పశ్చాత్తాపం మనిషిని బాగుచేస్తుంది గానీ, జరిగినదాన్ని జరగలేదని చెయ్యలేదు.

అందంగా కనిపించాలనుకోవడం నేరం కాదు. కానీ తనకు అన్నం పెట్టే వృత్తిని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు ముందు ఆ వృత్తికి, తర్వాత తనను నమ్మినవాళ్ళకు ద్రోహం చేస్తాడు. అందుకని మనం చేసే పనేమిటో ఎవరి ముందైనా తలెత్తి చెప్పాలి, వైద్యుడి ముందు మరీ ముఖ్యంగా చెప్పాలి.